మీకు తెలుసా? 1964కు ముందుదా, తర్వాతదా!

ఎక్కువ శక్తిగల తూటాలు పేల్చే మ్యాగ్నమ్ వేట రైఫిళ్ల ప్రియులకు 1964 ఓ సరిహద్దు గీత. అమెరికాలో తయారైన వించెస్టర్ మోడల్ 70 కొనేవారు ముందుగా ఆరా తీసేది అది ఏ ఏడాదిదనే!

1936 నాటి పాత మోడల్‌లో బోల్టుకు పొడవాటి ఉక్కు కొక్కెం ఉంటుంది. మ్యాగజైన్ నుంచి తూటా పైకి వస్తుండగానే దాని అంచును పట్టేస్తుంది. కంగారులో బోల్టును సగంలో వెనక్కి లాగినా తూటా దాని వెంటే వచ్చేస్తుంది. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ ఆ పద్ధతి మార్చింది. కొత్త బోల్టు తూటాను ముందుకు నెడుతుందంతే. పూర్తిగా మూసుకున్నాకే పట్టు దొరుకుతుంది. మధ్యలో ఆగితే తూటా లోపలే ఉండిపోయి, వెనకొచ్చే రెండోది ఇరుక్కోవచ్చు. .375 మ్యాగ్నమ్‌తో అడవి దున్నకు ఎదురు నిలిచేవారికి అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. పాతవాటికి గిరాకీ తగ్గకపోవడంతో 1990లలో కంపెనీయే ఆ కొక్కేన్ని తిరిగి తెచ్చింది.

వేట విషయంలో మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో లెక్క వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సరదా వేటను ఒప్పుకోదు. అడవి పందులు మక్క చేనును తొక్కి పాడుచేసినా అనుమతి లేనిదే తూటా పేల్చకూడదు. రైతు గోడు నిజమే. కానీ చేను చుట్టూ కరెంటు తీగలు పెట్టడం మాత్రం ఘోరం, వాటికి మనుషులూ బలవుతున్నారు.

ఇక తుపాకుల సంగతికొస్తే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సుదారుకు రెండు తుపాకులకు మించి ఉండకూడదు. మన దగ్గర పాత, కొత్తల ఎంపిక ఎక్కువగా ప్రభుత్వ కర్మాగారాల రైఫిళ్ల మధ్యే: ఏళ్లుగా వస్తున్న .315, దానికన్నా శక్తిమంతమైన ఇషాపూర్ .30-06.