పెళ్ళికీ ఆపరేషన్‌కీ మధ్య

మన పల్లెల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య వివాహితల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైచిలుకు ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రలు, లూపు, నిరోధ్ వాడేవాళ్ళు బహు తక్కువ. సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. పిల్లల సంఖ్య తగ్గిన మాట నిజమే. కానీ చాలా ఇళ్ళలో పెళ్ళయిన ఏడాదికి ఒక కాన్పు, ఆ బిడ్డ సరిగా నడవకముందే ఇంకోటి, ఆ వెంటనే ఆపరేషన్. ఈ తొందరలో తల్లి ఒళ్ళు ఎప్పుడు కోలుకుంటుంది? ఆశా కార్యకర్తకు అసలు పని ఉన్నది ఇక్కడే.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ వచ్చింది. సుమారు వెయ్యి జనాభాకు ఒకరు, అదీ ఆ ఊళ్ళో కాపురం ఉండే ఆడమనిషే అయి ఉండాలి. సూది వేయడం, బీపీ చూడడం నర్సు (ఏఎన్ఎం) పని. ఏ ఇంటికి కొత్త కోడలొచ్చింది, ఎవరు నెల తప్పారు, ఏ ఇంట్లో అత్తగారి మాట చెల్లుతుంది అన్నది మాత్రం ఆశాకే తెలుస్తుంది.

ఆ తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, గర్భిణి పేరు పన్నెండు వారాల్లోపే నమోదు కావాలి. మన ఇళ్ళలోనేమో మూడో నెల దాటేదాకా సంగతి బయటపెట్టరు, దిష్టి తగులుతుందని. రెండు గడువులూ ఒకటే! ఫోలిక్ యాసిడ్ బిళ్ళ అవసరం ఎక్కువగా ఉండేదీ ఆ తొలి నెలల్లోనే. అందుకే అనుభవమున్న ఆశా గుమ్మంలో నిలబడి గట్టిగా అడగదు. పెరట్లోకి వెళ్ళి, కోడలు ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుతుంది.

తర్వాతి గొడవ రక్తం బిళ్ళలది. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 ఐరన్ బిళ్ళలు వేసుకోవాలి. కాన్పయ్యాక మరో 180. పంచడం తేలికే, మింగించడమే కష్టం. వికారం పుడుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, దాంతో భయపడి అటక మీద పెట్టేస్తారు. నలుపు మామూలేనని ముందే చెప్పాలి. టీతో వేసుకుంటే, కాల్షియం బిళ్ళతో కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటబట్టదనీ చెప్పాలి.

తొలి కాన్పుకి పుట్టింటికి పంపడం మన ఆచారం. అప్పటిదాకా చూసిన ఆశా ఒక ఊళ్ళో, కాన్పు ఇంకో ఊళ్ళో. తల్లీబిడ్డల కార్డు చీరల కింద మరిచిపోతే అక్కడి డాక్టరుకు రక్తపు శాతమూ తెలియదు, బీపీ పెరిగిన సంగతీ తెలియదు. తలనొప్పితో కళ్ళు మసకబారినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలన్నది పుట్టింటివాళ్ళకూ తెలిసి ఉండాలి.

కాన్పు తర్వాత మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆశా ఆరుసార్లు ఇంటికి రావాలి. పసిబిడ్డ కోసమే వచ్చినా, కాన్పుల మధ్య ఎడం గురించి మాట్లాడేందుకు అంతకంటే మంచి అదను దొరకదు. ‘పాలిస్తున్నాను, నెలసరి రాలేదు, ఇంకేం భయం’ అనుకునేవాళ్ళే ఎక్కువ. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు, నెలసరి మొదలై ఉండకూడదు. ఈ మూడూ ఉన్నప్పుడే ఆ ధీమాకు అర్థం. ఒక్కటి తప్పినా గర్భం రావచ్చు. కాన్పయ్యాక మళ్ళీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్ళ ఎడం ఉండాలన్నది వైద్యుల మాట.

దారులు లేకపోలేదు. కాపర్ టీని కాన్పయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. ‘అంతర’ ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. ‘ఛాయ’ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన వారానికి ఒకటి. అన్నీ సర్కారు దవాఖానాల్లో ఉచితమే. అయితే అంతర తీసుకున్నాక నెలసరి గతి తప్పవచ్చు, పూర్తిగా ఆగిపోనూవచ్చు. మానేశాక మళ్ళీ గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే రెండో సూదికి మనిషి రాదు. రాకపోగా, పక్కింటామెనూ రానివ్వదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు గాలి మారింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను 2024లో తీసేశారు, ఎక్కువ మందిని కనమని నాయకులే చెబుతున్నారు. ఒకప్పుడు తక్కువ మందిని కనమన్నదీ ప్రభుత్వమే. ఎంతమంది కావాలన్నది ఆ దంపతుల ఇష్టం. ముగ్గురిని కన్నా ఎడం కావాల్సిందే కదా!

ఇంతా చేసి ఈ మాటలన్నీ ఆడవాళ్ళ మధ్యే తిరుగుతున్నాయి. మగవాళ్ళకు చేసే కోత లేని వేసెక్టమీ ఆడవాళ్ళ ఆపరేషన్ కంటే తేలిక, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. చేయించుకున్నాక మూడు నెలలపాటు వేరే జాగ్రత్త తీసుకుంటే చాలు. అయినా చేయించుకునేవాళ్ళు అరుదు. బరువులెత్తలేమని, మగతనం పోతుందని లేనిపోని భయాలు. రచ్చబండ దగ్గర కూర్చున్న మగవాళ్ళతో ఆ ఊరి కోడలైన ఆశా ఈ సంగతి ఎత్తగలదా? అది ఆరోగ్య శాఖలోని మగ సిబ్బంది అందుకోవాల్సిన పని.