వైద్యశాల వాకిట అంకెల తాళం

చికిత్సకు నాలుగు పాదాలని చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం చెబుతోంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు ఉండాలని కూడా అక్కడే ఉంది. రోగికి ఉండవలసిన గుణాలలో మొదటిది స్మృతి, అనగా జ్ఞాపకశక్తి. బాధ ఎప్పుడు మొదలైంది, ఏ ఆహారం తిన్నప్పుడు పెరిగింది, ఏ మందుకు తగ్గింది అన్న సంగతులు గుర్తుంచుకొని వైద్యునికి విన్నవించగలగాలని ఆచార్యుని అభిప్రాయం.

నేటి రోగి గుర్తుంచుకోవలసినవి వేరు. పన్నెండంకెల ఆధార్ సంఖ్య, పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య, ఆసుపత్రి వారిచ్చిన నమోదు సంఖ్య, ఎనిమిది అక్షరాలకు తగ్గని పాస్‌వర్డు, అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక వింత గుర్తు. ఇవన్నీ సరిగా చెప్పినా చివరికి సెల్‌ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా ఉండాలి. అది పది నిమిషాలలో చెల్లిపోతుంది. ఇంతా చేసి లోపలికి వెళితే కనిపించేది తన రక్తపరీక్ష ఫలితమే.

గత వేసవిలో మా ఇంట జరిగిన సంగతి పాఠకులకు చెప్పక తప్పదు. రాజమహేంద్రవరం దానవాయిపేటలో ఉంటున్న మా మేనత్తగారికి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పికి నెలల తరబడి మాత్రలు వాడుతున్నారు. కాళ్లకు వాపు కనిపించి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాము. పూర్వం సాయంకాలానికి కాగితం చేతికిచ్చేవారు. ఇప్పుడు "రిపోర్టు మా పోర్టల్లో చూసుకోండి" అన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు సిద్ధమైనట్లు సందేశం కూడా వచ్చింది.

వచ్చింది ఆమె ఫోనుకు కాదు. ఏనాడో కంటిశుక్లం ఆపరేషను నాడు కొడుకు దగ్గరుండి పేరు నమోదు చేయిస్తూ తన నంబరే ఇచ్చాడు. అతను ఇప్పుడు అమెరికాలో డాలస్‌లో ఉంటున్నాడు. మనకు మధ్యాహ్నం రెండయితే వేసవిలో అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఓటీపీ వెళ్లింది, చెల్లిపోయింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ చెల్లిపోయింది. మరునాటి ఉదయం ఎనిమిదింటికి అతను ఫోనెత్తి అంకెలు చదివి చెబితే, అటుపైన పుట్టినతేదీ అడిగారు. ఆధార్‌లో ఉన్న తేదీ వేశాము. "వివరములు సరిపోలడం లేదు" అన్నది సమాధానం. మూడుసార్లు తప్పగానే ఇరవై నాలుగు గంటలపాటు ఖాతా స్తంభింపజేశారు.

"ఇల్లు నాదంటారు, తాళంచెవి వాడి దగ్గర పెట్టారు. ఇదేం చోద్యంరా!" అన్నారు అత్తయ్య.

మూడవ రోజున నేను స్వయంగా వెళ్లి అడిగితే కౌంటరులోని అమ్మాయి రెండు నిమిషాలలో కాగితం తీసి ఇచ్చింది. క్రియాటినిన్ ఉండవలసినదానికన్నా బాగా ఎక్కువగా ఉంది. డాక్టరుగారు చూడగానే నొప్పి మాత్రలు ఆ క్షణాన మానిపించారు. ఈ రెండు రోజులలో ఆమె యథాప్రకారం నాలుగు మాత్రలు మింగారు. కొన్ని వారాలకు మూత్రపిండాల పనితీరు కుదుటపడింది కనుక ఇప్పుడు నిబ్బరంగా రాయగలుగుతున్నాను. ఆసుపత్రి మా ఇంటికి ఆటోలో పావుగంట దూరం. మొదటి రోజే వెళ్లి అడగాలన్న బుద్ధి ఎందుకు పుట్టలేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఫోను చేతిలో ఉంటే కాళ్లు ఉన్నాయన్న సంగతి మరచిపోతాము కాబోలు.

పేరులో నేముంది?

చాలా ఉంది. మా అత్తయ్య పుట్టింది 1953 ఆగస్టులో, గోదావరికి ఆ మహా వరద వచ్చిన రోజులలో. విజయ నామ సంవత్సరం, శ్రావణమాసం. ఈ ప్రాంతపు పెద్దలకు వయస్సు లెక్క ఇటువంటిదే. 1953 వరదకు పుట్టినవారు, 1986 వరదకు పెళ్లయినవారు, 1996 నవంబరు తుపానుకు మనుమడు పుట్టినవారు. పత్రం లేక సంవత్సరం మాత్రమే చెప్పినవారికి ఆధార్‌లో చాలామందికి జనవరి ఒకటవ తేదీ పడింది. అత్తయ్యకూ అంతే. ఆసుపత్రిలో మాత్రం ఆమె నోటిమాట విని ఆగస్టు పదిహేను వేసుకున్నారు. యంత్రానికి ఈ ఇద్దరూ వేర్వేరు మనుషులు.

తేదీ సంగతి ఇలా ఉంటే, పేరు సంగతి మరీ చిత్రం. అన్నవరం దేవుని దయవల్ల మన జిల్లాలలో వీర వెంకట సత్యనారాయణలకు కొదవలేదు. ఒకచోట పేరంతా ఉంటుంది, మరొకచోట వి.వి. అని పొడి అక్షరాలు. ఇంటిపేరు మనకు ముందు, ఫారములో చివర. 'లక్ష్మి'ని ఇంగ్లీషులో ఒకరు 'కె, ఎస్, హెచ్'లతో రాస్తే మరొకరు 'ఎక్స్'తో రాస్తారు. ఊరు రాజమండ్రి, 2015 నుండి అధికారికంగా రాజమహేంద్రవరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అమలాపురం కోనసీమ జిల్లాలోకి, భీమవరం పశ్చిమగోదావరికి కేంద్రంగా, ఏలూరు వేరు జిల్లాగా మారాయి. పాత కార్డులో పాత జిల్లా, ఫారములో కొత్త జిల్లా. మనిషి కదలకుండానే చిరునామా మారింది.

తప్పు అంతా మనదేనా?

కాదు. పెద్దవారు నేర్చుకోలేదని నిందించడం సులభం గాని న్యాయం కాదు. 2021 మే 1 నుండి పద్దెనిమిది మొదలు నలభై నాలుగేళ్ల లోపువారు కరోనా టీకాకు కోవిన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలన్నారు. అప్పటికి అది ఇంగ్లీషులోనే ఉంది. చదవలేనివారు, స్మార్ట్‌ఫోను లేనివారు ఏమి కావాలని సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో ప్రశ్నించింది. జూన్‌లో తెలుగుతో సహా పలు భాషలు చేర్చారు, ముందస్తు నమోదు తప్పనిసరి కాదన్నారు. అడిగితే మారుతుందన్నమాట.

పాస్‌వర్డుల సంగతీ అంతే. వింత గుర్తులుండాలి, తరచు మార్చాలి అన్న నియమాలకు మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే అధికారి రాసిన పత్రం. 2017లో ఆ సంస్థే ఆ నియమాలను ఎత్తివేయవచ్చునని సూచించింది, తాను రాసినదానికి విచారిస్తున్నట్లు ఆయనే చెప్పాడు. మనవారు కొందరు ఇంకా ఆ పాత పథ్యాన్నే పాటింపజేస్తున్నారు. ఇక వంకరటింకర అక్షరాలు చదవమనే క్యాప్చా ఉంది. కంటిలో శుక్లం ఉన్నవారిని, కంటివైద్యుని వద్దకు వెళ్లడానికి అది చదవమనడం ఎంత విడ్డూరమో ఆలోచించండి.

ఈ విషయంలో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక మేలైన తీర్పు ఇచ్చింది. ఆమ్లదాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్నవారిని ఫోను ముందు రెప్ప ఆర్పితే గాని గుర్తించబోమన్న పద్ధతిపై వచ్చిన వ్యాజ్యమది. అంకెల సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం జీవించే హక్కులో భాగమేనని న్యాయస్థానం తేల్చి, గుర్తింపు పద్ధతులను అందరికీ అనువుగా సవరించాలని ఆదేశించింది.

మరి రోగి ఏమీ గుర్తుంచుకోనక్కరలేకుండా నడుస్తున్న సేవ కూడా ఒకటుంది. ఆరోగ్య కేంద్రాల ద్వారా దూరవైద్యం అందించే ఈ-సంజీవనిని 2019 నవంబరులో దేశంలో మొదట ప్రారంభించినది ఆంధ్రప్రదేశే. అక్కడ లోపలికి ప్రవేశించే పని ఆరోగ్య సిబ్బందిది. రోగి కుర్చీలో కూర్చుని తన బాధ చెప్పుకుంటే చాలు. చరకుడు చెప్పిన పరిచారకుని స్థానాన్ని అక్కడ ఒక మనిషికి ఇచ్చారు. నరసాపురం రేవు నుండి పంటు దాటి సఖినేటిపల్లి వెళ్లవలసినవారికి, లంక గ్రామాలవారికి ఇటువంటి ఏర్పాటు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఫోనులో వైద్యునికి మన ఆకృతి, కన్ను, నాలుక, కంఠస్వరం మాత్రమే అందుతాయి. అష్టవిధ పరీక్షలలో నాడి, స్పర్శ అందవు. కొత్తగా వచ్చిన జబ్బుకు, కడుపునొప్పికి, ఆయాసానికి ఎదురుగా కూర్చోవడమే మేలు.

ముందుగా చేసుకోవలసిన పథ్యం

జ్వరం రాకముందే థర్మామీటరు కొని ఉంచుకున్నట్లు, ఈ పని కూడా ఒంట్లో బాగున్నప్పుడే చేయాలి. ఆధార్‌కు ఏ ఫోను నంబరు జతపడి ఉందో ముందు చూసుకోండి. పాత నంబరు అయితే దగ్గరి ఆధార్ కేంద్రంలో మార్పించుకోవచ్చు. వాడని నంబరు రద్దయిన తరువాత తొంభై రోజులు గడిస్తే కంపెనీలు దానిని వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఆసుపత్రి సందేశాలు ఎవరో అపరిచితునికి చేరుతాయి. ఆసుపత్రిలో నమోదు చేయించేటప్పుడు విదేశంలోని కొడుకు నంబరు కాక, రోగి దగ్గర ఉండేవారి నంబరు ఇవ్వండి. పేరు, తేదీ ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, తప్పయినా సరే, అక్షరం పొల్లుపోకుండా వేయించండి.

డెబ్బై ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స లభించే ఆయుష్మాన్ వయవందన కార్డును 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. దీనికి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఆసుపత్రిలో చేరిన నాడు పరుగులెత్తకుండా ముందే తీసుకోవడం మంచిది. ఆభా సంఖ్య సంగతి వేరు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆ పథకంలో చేరడం స్వచ్ఛందం.

కొబ్బరి వలిచేవారికి, పీచు పనివారికి, ఏళ్ల తరబడి వంటపాత్రలు తోమిన ఇల్లాళ్లకు వేలిముద్రలు అరిగి యంత్రానికి అందవు. ముందురోజు రాత్రి వేళ్లకు కొబ్బరినూనె మర్దన చేసి, ఉదయం సున్నిపిండితో జిడ్డు పోయేలా కడిగి, పొడిగా తుడుచుకొని వెళితే చర్మం మెత్తబడి కొంత ప్రయోజనం ఉండవచ్చు. అయినా పడకపోతే కనుపాప ద్వారా గానీ ముఖం ద్వారా గానీ గుర్తించే వీలుందేమో అడగండి.

ఓటీపీ విషయంలో పెద్దలను మనం అయోమయంలో పడేస్తున్నామని నాకు తోస్తుంది. ఎవరికీ చెప్పవద్దని రోజూ హెచ్చరిస్తాము. ఆసుపత్రి కౌంటరులో "అంకె చెప్పండమ్మా" అంటారు. ఏది నమ్మాలి? మీరు స్వయంగా వెళ్లి, మీ పని మీద, మీ కళ్లెదుట అడిగినప్పుడు మాత్రమే, అది కూడా సందేశంలో ఎవరి పేరున్నదో చదివించుకొని చెప్పాలి. ఫోనులో అడిగినవారు సాక్షాత్తు ధన్వంతరి అయినా చెప్పరాదు. మోసం జరిగిందనిపిస్తే 1930కి వెంటనే ఫోను చేయాలి.

అన్నిటికంటె ముఖ్యం, కాగితం అడగడానికి మొహమాటపడవద్దు. వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం రోగి గానీ అతడు అనుమతించినవారు గానీ కోరితే వైద్య రికార్డులను 72 గంటలలో ఇవ్వాలి. పోర్టల్ ఉన్నదన్నది కాగితం ఇవ్వకపోవడానికి కారణం కాదు.

ఆ చిరాకు మాటేమిటి?

క్రోధం, శోకం, భయం వంటి మనోవేగాలను ధారణీయ వేగాలన్నాడు చరకుడు. అనగా అణచుకోదగినవి. మూత్రపురీషాది వేగాలను మాత్రం అణచరాదు. ఆసుపత్రి ఫారము ముందు గంటసేపు కదలక కూర్చున్నవారు సరిగ్గా దీనికి విరుద్ధంగా, మూత్రాన్ని ఆపుకొని కోపాన్ని వదులుతారు. రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే లేచి నాలుగడుగులు వేయండి. మూడవసారి తప్పితే తాళం పడుతుందని గుర్తుంచుకోండి. ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడటం వల్ల కళ్ల అలసట తగ్గుతుంది. కంటి ఆపరేషను అయినవారు ఏ ఆకురసమూ, తేనె, పన్నీరు కళ్లలో వేసుకోరాదు. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసుకుంటే నిద్ర బాగా పడుతుంది. పాదాభ్యంగం కంటికి మేలు చేస్తుందని కూడా మన గ్రంథాలలో ఉంది. ఆ సమయంలో ఫోను వేరొక గదిలో ఉండటం అవసరం.

మా అత్తయ్య ఇప్పుడు పంచాంగంతోపాటు ఒక వంద పేజీల నోటుపుస్తకం ఉంచుకున్నారు. ఏ తేదీన ఏ పరీక్ష, ఎంత వచ్చింది, ఏ మాత్ర మానిపించారు, అన్నీ తన దస్తూరీతో రాస్తారు. పాస్‌వర్డు అందులో లేదు. అది వేరే కాగితం మీద బియ్యం డబ్బా అడుగున ఉందట, ఎవరికీ చెప్పవద్దన్నారు. ఆధార్‌లో తేదీ సరిచేయించాలంటే పత్రం చూపాలి, అది లేదు. అందుచేత ఆసుపత్రివారి చేతనే జనవరి ఒకటి వేయించాము. శ్రావణంలో మాత్రం యథావిధిగా పరమాన్నం వండుకున్నాము.