రెండొందల యూనిట్ల గీత: విజయవాడ ఉక్కపోతలో ఏసీ లెక్క

విజయవాడను ‘బ్లేజ్‌వాడ’ అని వెక్కిరించడం పాత అలవాటు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. కానీ మనుషుల్ని ఎండ కంటే ఎక్కువగా పీల్చేసేది ఉక్క. ఒకవైపు కృష్ణా నది, కాలువలు, ఎంతో దూరం లేని సముద్రం. ఇంకోవైపు పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని వదిలే కొండరాళ్లు. పరిశోధన పనిమీద పేదల కాలనీల్లో తిరిగేటప్పుడు మాకు తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘ఏసీ పెట్టుకుంటే ఫ్రీ కరెంటు పోద్దా?’ చాలా ఇళ్లలో పోతుంది. ఎంత వాడితే పోతుందో, పోకుండా ఏం చేయొచ్చో, అసలు ఎందుకు పోవాలో ఇక్కడ వివరంగా చెబుతాం.

ముందు ఉక్క సంగతి. ఒంటి మీద చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు. దీన్ని కొలవడానికి థర్మామీటరు కొనకు తడిగుడ్డ చుట్టి చూస్తారు. ఆ అంకెను తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యవంతుడైనా గంటల కొద్దీ తట్టుకోలేడని చాలాకాలం లెక్క వేసుకున్నారు. 2022లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద పరీక్షలు చేస్తే, తేమ వాతావరణంలో ఆ హద్దు 31 దగ్గరే ఉందని తేలింది. ముసలివాళ్ల సంగతి, రోజంతా సిమెంటు బస్తాలు మోసి వచ్చినవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

‘ఏసీ ఎందుకు, కూలర్ చాలదా?’ అని అడిగేవాళ్లకు కూడా జవాబు ఇందులోనే ఉంది. కూలర్ ఎంత మంచిదైనా తడిబల్బు అంకె కంటే కిందికి గాలిని చల్లబరచలేదు. 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న పొడి ఊళ్లో ఆ అంకె 24 దగ్గర ఉంటుంది, అందుకే అక్కడ కూలర్ పనిచేస్తుంది. జూన్‌లో విజయవాడలో 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే అదే అంకె 29 దాటుతుంది. అప్పుడు తలుపులు మూసి కూలర్ వేస్తే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. తేమను బయటికి లాగేది ఏసీ ఒక్కటే. దాని గొట్టంలోంచి బకెట్లోకి కారే నీళ్లు గదిలో గాలి నుంచి తీసినవే.

2015 మే వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసే ఒంటికి రాత్రి చల్లదనం దొరక్కపోతే అది కోలుకోదు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకోవాల్సిన పారిశుద్ధ్య కార్మికులకైతే పరిస్థితి ఇంకా కష్టం. నిద్ర పట్టాల్సిన వేళకే రేకులు కాగుతుంటాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ‘అందరికీ ఉష్ణ సౌఖ్యం’ అంటుంది. దేశంలో ఏసీ ఉన్న ఇళ్లు 8 శాతమే అని కూడా అదే పత్రం చెబుతుంది.

ఇక ఖర్చు. వంద, నూట ఇరవై చదరపు అడుగుల గదికి ఒక టన్ను ఏసీ సరిపోతుంది. టన్ను అంటే మిషను బరువు కాదు. రోజుకు టన్ను మంచు కరగడానికి పట్టేంత వేడిని గదిలోంచి లాగే శక్తి అది. ఒక టన్ను త్రీస్టార్ ఇన్వర్టర్ ఏసీ దాదాపు 30 నుంచి 35 వేల రూపాయలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో 35 వేల మిషను మీద సుమారు 2,700 కలిసొచ్చింది. స్టెబిలైజరు, రాగి గొట్టాలు, బిగింపు కూలి అదనం. సెకండ్ హ్యాండ్ విండో ఏసీ సగం ధరకే వస్తుంది కానీ దాని అసలు ధర కరెంటు బిల్లులో వసూలవుతుంది. రాత్రికి పది యూనిట్ల దాకా తాగేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఈ హద్దును 2019లో వందనుంచి రెండొందలకు పెంచారు. ఇందులో మెలిక ఏమిటంటే, 200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది. 2022లో మార్చిన శ్లాబుల ప్రకారం 200 యూనిట్ల విలువ 867 రూపాయలు. 199 యూనిట్లకు సున్నా కట్టే ఇల్లు 201 యూనిట్లకు 873 కట్టాలి. ఇంధన సర్దుబాటు ఛార్జీలు, సుంకం ఇందులో కలపలేదు.

ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు, రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు. ఫ్రిజ్‌కు 30. టీవీ, లైట్లు, మిక్సీ కలిపి ఓ 20. అంటే ఏసీ లేకుండానే 120 దాటింది. ఏసీ గంటకు సగటున 0.6 యూనిట్ చొప్పున రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఇంకో 144. మొత్తం 266. బిల్లు సుమారు 1,375 రూపాయలు.

దీన్ని గీత లోపలికి తేవడం అసాధ్యమేమీ కాదు. రెండు ఫ్యాన్లనూ 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే 43 యూనిట్లు మిగులుతాయి. ఏసీ 24 మీద కాకుండా 27 మీద పెట్టి ఫ్యాన్ వేసుకుంటే, డిగ్రీకి 6 శాతం ఆదా అని బీఈఈ చెప్పే లెక్కన 144 కాస్తా 118 అవుతుంది. మొత్తం 197. గీతకు మూడు యూనిట్లు ఇవతల! మీటరు రీడింగ్ నాలుగు రోజులు ఆలస్యమైతే ఇదే వాడకం 220 దాటుతుంది. అందుకే బిల్లు మీద తేదీలు చూసుకోవాలి, తేడా ఉంటే డిస్కమ్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బీఎల్‌డీసీ ఫ్యాన్ ఒక్కొక్కటి రెండున్నర, మూడు వేలు ఉంటుంది. ఏసీ కొనే స్తోమత లేకపోయినా ముందు కొనాల్సింది అదే.

పై అంతస్తులో ఉండేవాళ్లకు మాత్రం ఈ లెక్క నిలవదు. జక్కంపూడి లాంటి చోట్ల ప్రభుత్వ పథకాల కింద కట్టిన బహుళ అంతస్తుల ఇళ్లలో, పై స్లాబు పగలంతా ఎండను మింగి రాత్రి గదిలోకి వదులుతుంది. ఏసీకి విశ్రాంతి ఉండదు. రేకుల ఇల్లయితే చల్లగాలి సందుల్లోంచే పోతుంది. ఇలాంటి ఇళ్లకు మొదటి అవసరం కప్పు మీద తెల్ల పూత. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పేదల గృహ పథకాల్లో కట్టే ప్రతి కప్పుకూ ఆ పూత వేసి ఇవ్వడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

అద్దెకుండేవాళ్ల సంగతి మరీ అన్యాయం. రాయితీ కావాలంటే కుల ధ్రువీకరణ పత్రం ఇచ్చి సర్వీసు నంబరుకు జత చేయించుకోవాలి. మీటరు ఇంటి ఓనరు పేరున ఉంటుంది. పైగా, కులం చెబితే ఇల్లు దొరకదని దాచుకుని అద్దెకు దిగిన కుటుంబం ఆ పత్రం ఎవరికి చూపిస్తుంది? కులం పేరున ఇచ్చిన రాయితీని కులం భయంతోనే వదులుకుంటున్నారు. ఈ నష్టం ఏ డిస్కమ్ లెక్కలోనూ కనిపించదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఏసీ వేడిని మాయం చేయదు, బయటికి నెడుతుంది. గదిలోంచి లాగిన వేడికి తాను కాల్చిన కరెంటు వేడి కూడా కలిపి సందులోకి వదులుతుంది. అపార్ట్‌మెంటు వెనక గోడకు వరసగా వేలాడే పెట్టెలు ఎవరి కిటికీల వైపు తిరిగి ఉన్నాయో ఒకసారి చూడండి. ఆ సందులో ఫ్యాను కింద పడుకున్నవాళ్లు ఇంకొకరి చల్లదనానికి వేడి రూపంలో ధర కడుతున్నారు.

200 యూనిట్ల గీత ఫ్యాన్లు, లైట్ల కాలపు గీత. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దాన్ని 300కు పెంచాలి. దాటినప్పుడు దాటిన యూనిట్లకే బిల్లు వేయాలి. అద్దెదారులు ఓనరు సంతకం లేకుండానే రాయితీ పొందే దారి ఉండాలి. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా కొత్త టారిఫ్ ఖరారు చేసే ముందు బహిరంగ విచారణ పెట్టి అభ్యంతరాలు తీసుకుంటుంది. ఎవరైనా రాసి ఇవ్వొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. ఈసారి విద్యార్థి సంఘాలు అక్కడికి మూడు నాలుగు కాలనీల వేసవి బిల్లులు పట్టుకుని వెళ్లాలి.