నిమ్మచెట్టు వైరస్‌ను ఎట్లెదుర్కొనును?

జి.కొండూరు ప్రాంతము మెట్టభూములకు పేరు. మామిడి, పత్తి, మిరప ఇచ్చటి రైతులకు ముఖ్యమైన పైర్లు. వీని నడుమ బావి దాపున ఎకరమో, రెండెకరములో నిమ్మ నాటినవారును కలరు. నిమ్మ నాటిన రైతు కాపు కంటబడుటకు మూడు నాలుగేండ్లు ఓపిక పట్టవలెను. అట్లు పెంచిన చెట్టు కాపు పట్టిన వెంటనే తగ్గుముఖము పట్టినచో, అది ఒక పంట నష్టము కాదు; అన్ని యేండ్ల శ్రమయు పోయినట్లే.

ఇటీవల ఒక రైతు నిమ్మకొమ్మ ఒకటి నా వద్దకు తెచ్చి, "దీనికి ఏం మందు కొట్టమంటారండీ?" అని అడిగెను. గజ్జి తెగులు మందు కొట్టితిననియు, జింకు చల్లితిననియు, ఎరువు ఎక్కువ చేసితిననియు, ఏదియు పని చేయలేదనియు చెప్పెను. కొమ్మ బెరడును ఒలిచి చూడగా లోపలి కొయ్యపై సూదితో పొడిచినట్లు సన్నని గుంటలు కనబడెను. ట్రిస్టిజా వైరస్ అను అనుమానమునకు అది తావిచ్చినది. ఈ తెగులును నయము చేయు మందు లేదు. ఎందుకు లేదో తెలిసికొనిన రైతు తన తరువాతి తోటనైనను కాపాడుకొనగలడు. అందులకే ఈ వ్యాసము.

ట్రిస్టిజా అనగానేమి?

ట్రిస్టిజా అనగా పోర్చుగీసు భాషలో విచారము. 1930 తరువాత బ్రెజిల్ దేశమున లక్షలాది బత్తాయి చెట్లు ఎండిపోగా అచ్చటివారు తెగులుకు ఈ పేరు పెట్టిరి. పేనుబంక దీనిని ఒక చెట్టు నుండి మరియొక చెట్టునకు మోయునని 1946లో ఆ దేశమందే మెనెఘీని అను శాస్త్రజ్ఞుడు రుజువు చేసెను.

ఈ వైరస్ సన్నని దారము వంటిది. బెరడు లోపల ఆకుల నుండి ఆహారమును వేళ్ళకు దింపు నాళములలోనే ఇది నివసించును. నిమ్మలో లేత ఆకును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో ఈనెలు అక్కడక్కడ తెల్లగా, తేటగా కనబడును. ఆకులు దోనె వలె పైకి ముడుచుకొనును. కొయ్యపై గుంటలు పడును. చెట్టు గిడసబారి, కాయ చిన్నదై, కొమ్మలు చివరి నుండి ఎండును. అయితే జింకు లోపమువలనను, బాక్టీరియావలన వచ్చు గ్రీనింగ్ తెగులువలనను ఆకులు పచ్చదనము కోల్పోవును. కావున ఆకును చూచి మాత్రమే నిర్ణయింపరాదు. ప్రయోగశాలలో పరీక్ష చేయించుటయే సరియైన మార్గము.

చెట్టు లోపల జరుగునదేమి?

వైరస్ సోకిన చెట్టు ఊరకుండదు. చెట్టులోని ప్రతి కణమునందును జన్యువులు అను వేలకొలది ఆజ్ఞలు కలవు. వీనిని గ్రామ దస్త్రముతో పోల్చవచ్చును. దస్త్రమంతయు ఎల్లప్పుడును బీరువాలో ఉండును. పని పడినప్పుడు కావలసిన పుటలే తెరువబడును. వైరస్ ప్రవేశించినప్పుడు చెట్టు కొన్ని పుటలను తెరచును, కొన్నింటిని మూయును.

దీనిని నిమ్మలోనే పరీక్షించి చూచిరి. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన పరిశోధనలో నిమ్మ మొక్కలకు ట్రిస్టిజాలోని ఒక తీవ్ర రకమును, ఒక మెత్తని రకమును వేరువేరుగా ఎక్కించి, 6,875 జన్యువుల పనిని కొలిచిరి. తీవ్ర రకము సోకిన మొక్కలలో 334 జన్యువుల పని మారెను. మెత్తని రకము సోకిన మొక్కలలో చెప్పుకోదగిన మార్పు లేదు. రెండును ఒకే వైరస్ జాతివి, మొక్కయు ఒకటే. అయినను చెట్టులో కలిగిన అలజడి వేరు. రోగమనగా వైరస్ ఉండుట మాత్రమే కాదు, దానికి చెట్టు ఇచ్చిన జవాబు కూడ రోగములో భాగమేనని ఇందువలన తెలియుచున్నది.

చెట్టు చేతిలోని ముఖ్యమైన ఆయుధము మరియొకటి కలదు. వైరస్ తన ప్రతులను పెంచుకొనునప్పుడు చెట్టు ఆ దారమును పట్టి చిన్న చిన్న ముక్కలుగా నరకును. ఆ ముక్కలనే ఆనవాలుగా పెట్టుకొని మిగిలిన దారములను వెదకి నరకును. కాని ట్రిస్టిజా వైరస్ ఈ పనికి అడ్డుపడు మూడు రకముల మాంసకృత్తులను తయారుచేయును. పోరు ఇరుపక్షముల నడుమ నిత్యము సాగుచుండును. ఎవరిది పైచేయి యగునో చెట్టు వారసత్వమునుబట్టియు, వైరస్ తీవ్రతనుబట్టియు ఉండును.

ఒక్కొక్క జాతి తీరు

మూడాకుల నారింజ అను ముండ్ల చెట్టు ట్రిస్టిజాను నిలువరించును. దానికి కారణము ముఖ్యముగా ఒక్క జన్యుస్థానమే. దాని విడి కణములలో ఈ వైరస్ పెరుగగలదని ప్రయోగములలో తేలినది. కాని చెట్టులో ఒక కణము నుండి మరియొక కణమునకు సాగిపోలేదు. ఈ కోటను గూడ దాటగల వైరస్ రకములు న్యూజీలాండులో కనబడినవి. ఎంత గట్టి రకమైనను శాశ్వతమని నమ్మరాదనుటకు ఇది నిదర్శనము.

పుల్లనారింజ సంగతి విచిత్రము. దాని సొంత మొక్కలో వైరస్ బాగుగా వ్యాపింపదు. బత్తాయి వైరస్‌ను చాలవరకు ఓర్చుకొనును. కాని పుల్లనారింజ వేరుపై బత్తాయి అంటు కట్టినచో, వైరస్ సోకినప్పుడు అంటు కలిసినచోట నాళములు చచ్చి, వేళ్ళకు ఆహారము అందక చెట్టు ఎండును. బ్రెజిల్‌లో జరిగినది ఇదియే. అందులకే మన రాష్ట్రమున సాత్‌గుడి బత్తాయికి రంగపూర్ నిమ్మ వేరు మొక్కను సిఫారసు చేయుదురు.

మన నిమ్మకు ఈ ఓర్పు లేదు. ఇతర చెట్లలో ట్రిస్టిజా ఉన్నదో లేదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు నిమ్మ మొక్కనే పరీక్షకు వాడుదురనగా దాని సున్నితత్వము ఎంతటిదో ఊహింపవచ్చును. తిరుపతి పరిశోధన స్థానము నుండి వచ్చిన బాలాజీ నిమ్మ గజ్జి తెగులును తట్టుకొనును. గజ్జి బాక్టీరియా తెగులు. దానిని తట్టుకొనినంత మాత్రమున ట్రిస్టిజాను గూడ తట్టుకొనునని రైతులు పొరబడరాదు.

విత్తనపు మొక్క, అంటుమొక్క

నిమ్మగింజలో ఒకటి కంటె ఎక్కువ పిండములుండును. వానిలో ఎక్కువ భాగము తల్లి కణముల నుండి పుట్టినవే గాన మొక్కలు తల్లిని పోలి ఉండును. ఇందులో మేలు ఒకటి, కీడు ఒకటి. మేలు: తల్లి గుణములు చెడవు, మరియు ట్రిస్టిజా గింజ ద్వారా సోకదు. కీడు: తోటలోని మొక్కలన్నియు ఇంచుమించు ఒకే వారసత్వము గలవి గనుక, ఒకదానికి లేని ఓర్పు దేనికిని ఉండదు.

అంటుమొక్క అట్లు కాదు. తల్లిచెట్టులో వైరస్ ఉన్నచో కన్నుతోపాటు అదియు వచ్చును. గాలి అంటుకును ఇదే సూత్రము. చౌకగా దొరకినవని ఊరు పేరు తెలియని అంట్లు తెచ్చి నాటిన రైతు మొక్కతోపాటు తెగులును గూడ కొనుచున్నాడు.

మెత్తని రకముతో రక్షణ

ముందుగా మెత్తని రకము సోకిన చెట్టులో దానికి దగ్గరి బంధువైన తీవ్ర రకము తరువాత చొరబడలేదు. బ్రెజిల్‌లో పేరా అను బత్తాయి రకమును ఈ పద్ధతిపైననే నిలబెట్టిరి. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున బాలరామన్, రామకృష్ణన్ గారలు 1970 దశకమున నిమ్మపై ఇట్టి ప్రయోగములు చేసిరి. ఇది పరిశోధన స్థానములు చేయవలసిన పని. బాగుగా కాయుచున్న చెట్టు కన్ను తెచ్చి సొంతముగా అంటు కట్టిన రైతు ఏ రకపు వైరస్‌ను ఎక్కించుచున్నాడో అతనికే తెలియదు.

రైతులు గమనింపవలసినవి

1. నిమ్మకు విత్తనపు మొక్కలను ఎన్నుకొనుడు. అంట్లే కావలెనన్నచో, తల్లిచెట్టును పరీక్షించినట్లు చెప్పగల నారుమడి నుండియే కొనుడు.

2. మొక్కలను పేనుబంక సోకకుండ వలలోపల పెంచిన నారుమడి మేలు. లేతమొక్కకు సోకిన తెగులు ముదురుచెట్టుకు సోకినదాని కంటె చేటు.

3. పత్తిపై కనబడు పేనుబంకయు ట్రిస్టిజాను మోయగలదు. పత్తిలో ఈ వైరస్ లేదు. కాని అచ్చట పెరిగిన రెక్కల పేను నిమ్మపై వ్రాలి, రోగపు చెట్టు రసము త్రాగి, ప్రక్క చెట్టునకు అంటించును. పత్తిచేని ప్రక్కన నిమ్మ ఉన్నవారు లేతచిగురు వచ్చినప్పుడెల్ల ఆకు అడుగున చూచుచుండవలెను.

4. మందు కొట్టి పేనును తగ్గించవచ్చునే గాని సోకిన వైరస్‌ను తీసివేయలేము. చెట్టు లోపలి పోరులో ఏ మందును పాల్గొనదు.

5. అనుమానము గల చెట్టు కొమ్మను పరీక్షకు పంపుడు. తెగులు నిర్ధారణయైన లేతచెట్లను పెరికివేయుడు. వాని ప్రక్కన క్రొత్త మొక్కలు నాటదలచినచో ముందు పాతవానిని తొలగించుడు.

గ్రామోద్యోగులు తమ గ్రామములలో నిమ్మతోటలను చూడబోయినప్పుడు చిన్న కత్తితో ఒక కొమ్మ బెరడు ఒలిచి చూచుట అలవాటు చేసికొనవలెను. గుంటలు కనబడినచో ఉద్యానశాఖవారికి తెలుపవలెను.

కొమ్మ తెచ్చిన రైతుకు నేను చెప్పినదియు ఇదియే. చెట్టునకు దాని వారసత్వము ఇచ్చిన బలమును మనము మార్చలేము. మొక్కను నాటక ముందు దానిని ఎన్నుకొనుట మన చేతిలోనిది. గుంట త్రవ్వుటకు ముందు ఒక దినము ఆ మొక్క ఎచ్చటిదో విచారించుటకు వెచ్చించినచో, తరువాత విచారింపవలసిన పని ఉండదు.