మోటారు మొరాయిస్తే...

ఏటా 61 రోజుల వేట నిషేధం జూన్‌ 14తో ముగుస్తుంది. ఆ అర్ధరాత్రి కోసం విశాఖ ఫిషింగ్‌ హార్బర్‌ ఎదురుచూస్తుంటుంది. ఇంజిన్ల మరమ్మతులన్నీ ఈలోగానే. పెద్ద మరబోట్లవి డీజిల్‌ ఇంజిన్లు, వాటికి కార్బురేటర్‌ ఉండదు. తంటా అంతా చిన్న ఫైబర్‌ పడవల కిరోసిన్‌ మోటార్లతోనే. కొత్త పిస్టన్‌, రింగులు వేయించినా, వేగం పెంచగానే కొన్ని మొరాయిస్తాయి. ఎందుకలా?

ముందు చూడాల్సింది కార్బురేటర్‌ని కాదు, ట్యాంకు మూతని! దాని గాలిమర బిగిసిపోతే ఇంధనం అందదు. తర్వాత ప్లగ్గు. రెండూ బాగుంటే అప్పుడు కార్బురేటర్‌ విప్పాలి. నెలల తరబడి నిలవున్న ఇంధనం జిగురుగా మారి, సన్నని జెట్‌ రంధ్రాన్ని మూసేస్తుంది. చోక్‌ లాగితే నడిచి, వదిలితే ఆగిపోతోందంటే చాలావరకు ఇదే జబ్బు. జెట్‌ని పెట్రోలుతో కడిగి గాలి కొట్టాలి. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై ఇంధనం ఎక్కువ తాగుతుంది. పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వేస్తే గాలి దూరి, ఇంధనం చాలక కొత్త పిస్టన్‌ వేడెక్కి పట్టేస్తుంది. కడిగేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బర్‌లో పడవలు తగలబడిన సంగతి ఎవరు మరుస్తారు?

ఒడ్డున ఆగితే గంట పని. నడిసంద్రంలో ఆగితే, ఇంటిల్లిపాదీ తీరంలో కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడాల్సిందే!