మూగజీవుల పక్షాన నిలిచిన కీర్తనకారుడు

కీర్తనలు వ్రాసిన భక్తుల జీవితాలు మన కుటుంబాలకు క్రొత్త కాదు. పురుషోత్తమ చౌదరి గారి పేరు తెలియని వారు కూడా ఆయన కీర్తనలు నాలుగైదు కంఠస్థంగా పాడగలరు. జర్మనీ దేశంలోని సువార్త సంఘాలలో అటువంటి స్థానం సంపాదించుకున్న ఒక కవిని ఈ నెల మీకు పరిచయం చేయదలిచాము. ఆయన పేరు ఆల్బర్ట్ క్నాప్. లూథరన్ పాదిరి, కవి, రచయిత. అయితే ఆయనను గూర్చి వ్రాయడానికి మమ్మల్ని పురికొల్పినది ఆయన కీర్తనలు మాత్రమే కాదు. జర్మనీ గడ్డమీద మూగజీవుల రక్షణ కొరకు మొట్టమొదటి సొసైటీని స్థాపించినది ఈ పాదిరిగారే. నోరులేని పశువు పక్షాన మాట్లాడడం కూడా వాక్య పరిచర్యలో భాగమేనని ఆయన నమ్మాడు.

ఆ కథ క్నాప్‌తో మొదలు కాలేదు. ఒక వృద్ధ పాదిరితో, ఒక కొంగతో మొదలైంది.

ఆ వృద్ధ పాదిరి పేరు క్రిస్టియన్ ఆడమ్ డాన్. 1758లో జన్మించాడు. నైరుతి జర్మనీలోని వుర్టెంబర్గ్ రాజ్యానికి రాజధాని అయిన స్టట్‌గార్ట్ నగరంలో పేరుపొందిన ప్రసంగీకుడు. 1812లో రాజుగారి నాటకశాలకు చెందిన ఒక నటుడు మరణించినప్పుడు, సమాధి వద్ద డాన్ చెప్పిన వాక్యం రాజుకు కోపం తెప్పించింది. ఫలితంగా ఆయనను రాజధాని నుండి తీసివేసి పల్లెటూళ్ళకు పంపారు. మొదట ఎషింగెన్, తరువాత మెస్సింగెన్. శిక్షగా పంపిన ఆ పల్లెలే ఆయన కళ్ళు తెరిపించాయని మాకు తోస్తుంది. రైతు ఇంట పశువు ఎలా బ్రతుకుతుందో, ఎలా చస్తుందో అక్కడ ప్రతిదినము చూశాడు.

మెస్సింగెన్‌లో చర్చి కప్పుమీద ఒక కొంగ గూడు పెట్టింది. యిర్మీయా గ్రంథం 8:7లో తన కాలము నెరుగునని చదువుతామే, ఆ సంకుబుడి కొంగయే ఇది. శీతాకాలం ఆఫ్రికాలో గడిపి, వసంతంలో వేలమైళ్ళు ఎగిరి అదే గూటికి తిరిగి వస్తుంది. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్లమీదికి వచ్చే కొంగలను ఊరివారు అతిథుల్లా చూసుకుంటారు కదా, ఆ దేశపు పల్లెవాసులకు కూడా కొంగ అంటే అటువంటి అభిమానమే. అటువంటి పక్షిని ఎవరో కేవలం సరదాకు తుపాకితో కాల్చివేశారు. తినడానికి కాదు, పంట పాడుచేసినందుకు కాదు. కాల్చగలిగారు గనుక కాల్చారు.

డాన్ ఆ సంగతిని మనసులో ఉంచుకొని ఊరుకోలేకపోయాడు. 1822లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. దాని పేరు కొంచెం పొడవు: బుద్ధిలేని సృష్టమైన పేద జంతువులు, బుద్ధిగల తమ తోటి సృష్టమును తమ ప్రభువులునైన మనుష్యులకు చేసికొనే మనవి. ఆ పేరులోనే ఒక ప్రసంగమంత సంగతి ఉన్నది. మనుష్యుడు జంతువులకు ప్రభువు. కాని అదే సమయంలో వాటి తోటి సృష్టి. ఆదికాండము మొదటి అధ్యాయము 28వ వచనంలో ఏలుబడి ఇచ్చిన మాట మనందరికీ జ్ఞాపకముంటుంది. అయితే భూజంతువులు, మనుష్యుడు ఒకే ఆరవ దినమున సృజింపబడ్డారన్న సంగతి ఎందరికి జ్ఞాపకముంటుంది? డాన్ ఈ రెండింటినీ కలిపి చదివాడు. రోమా 8వ అధ్యాయంలో సృష్టి యావత్తు మూల్గుచున్నదని పౌలు చెప్పిన మాటను ఆయన అలంకారంగా తీసికొనలేదు. బండి క్రింద మోకాళ్ళమీద కూలబడిన గుర్రం మూల్గులో దానిని విన్నాడు.

అదే 1822లో ఇంగ్లండ్ పార్లమెంటు పశువులను క్రూరంగా హింసించకుండా చట్టం చేసింది. రెండేళ్ళకు, అంటే 1824లో, లండన్‌లో ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరిగారి పూనికతో మొదటి జంతు రక్షణ సొసైటీ ఏర్పడింది. దాసుల విడుదలకు పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఆ మొదటి సభ్యులలో ఒకడు. ఆ సొసైటీ అప్పుల నిమిత్తం బ్రూమ్ పాదిరి చెరసాలకు కూడా వెళ్ళవలసి వచ్చింది. జర్మనీలో మాత్రం డాన్ పుస్తకం వెలువడినా, దాని వెనుక నిలబడే మనుష్యుల గుంపు ఇంకా లేదు. 1824లో ఆయనను తిరిగి స్టట్‌గార్ట్‌కు రానిచ్చారు. వయసు పైబడినా ఆ భారం తగ్గలేదు. 1830ల ఆరంభంలో ఎన్నో ఉదాహరణలు చూపుతూ రెండవ పుస్తకం వ్రాశాడు.

ఇప్పుడు క్నాప్ దగ్గరకు వద్దాము. 1798 జూలై 25న ట్యూబింగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ప్రభుత్వోద్యోగి కావడం వల్ల బాల్యం బ్లాక్ ఫారెస్ట్ కొండల నడుమ ఆల్పిర్స్‌బాక్ అనే చిన్న ఊరిలో, పాతకాలపు మఠం నీడలో గడిచింది. చుట్టూ దట్టమైన దేవదారు అడవులు, సెలయేరు. ఆ కొండల మధ్య పెరిగిన బాలుడు కవి కావడంలో వింత లేదు. ట్యూబింగెన్ వేదాంత కళాశాలలో చదివి, పట్టభద్రుడై, స్టట్‌గార్ట్ సమీపంలోని ఫాయర్‌బాక్‌లో సహాయ పాదిరిగా చేరాడు. అక్కడ ఆయన జీవితం మలుపు తిరిగింది. తనతోటి వయసువాడైన లుడ్విగ్ హోఫాకర్ అనే యౌవన పాదిరి స్నేహం ద్వారా క్నాప్ హృదయపూర్వకంగా క్రీస్తును ఆశ్రయించాడు. హోఫాకర్ 30 ఏళ్ళకే, 1828లో, మరణించాడు. ఆయన ప్రసంగాల పుస్తకం మాత్రం తరతరాలుగా జర్మనీ ఇళ్ళలో చదువబడింది. స్నేహితుని జీవిత చరిత్రను తరువాత క్నాపే వ్రాశాడు.

1825లో సుల్జ్ అనే ఊరికి, 1831లో కిర్చైమ్‌కు, 1836లో స్టట్‌గార్ట్‌కు పరిచర్య నిమిత్తం మారాడు. 1829లో ఆయన క్రైస్తవ పద్యాలు అచ్చయ్యాయి. 1833 నుండి 1853 వరకు ఇరవై సంవత్సరాలు క్రైస్తవ కుటుంబాల కొరకు ఒక వార్షిక సంచిక నడిపాడు. పత్రిక నడిపే కష్టం మాకు కొంత తెలుసు గనుక ఆ ఇరవై అనే సంఖ్య వద్ద మేము ఒక నిమిషం ఆగిపోయాము.

క్నాప్ రాజధానికి వచ్చేనాటికి డాన్ ఇంకా జీవించే ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడిన వృద్ధుడు. 1837 మార్చి 19న ఆయన ప్రభువునందు నిద్రించాడు. పెద్దలు పోయినప్పుడు వారిని గూర్చి మంచి మాటలు చెప్పడం, వీలైతే ఒక పద్యం వ్రాయడం ఎక్కడైనా ఉన్నదే. క్నాప్ కవి, అంతటితో సరిపెట్టుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన అలా చేయలేదు. డాన్ కోరినది పద్యం కాదని ఆయనకు తెలుసు. అదే సంవత్సరం స్టట్‌గార్ట్‌లో జంతువులను హింసించడాన్ని అరికట్టే సొసైటీని ఏర్పాటు చేశాడు. జర్మన్ భాషా ప్రాంతంలో అటువంటిది అంతకు మునుపు లేదు.

ఆ రోజుల స్టట్‌గార్ట్‌ను కొంచెం ఊహించుకోవాలి. చుట్టూ కొండలు, నడుమ గిన్నెలాంటి పల్లంలో నగరం. రైలు ఇంకా రాలేదు. రాయి, కట్టె, ద్రాక్షారసపు పీపాలు, సమస్తము గుర్రాలు, ఎద్దులు లాగవలసిందే, ఎత్తు ఎక్కవలసిందే. ఎక్కలేకపోతే కొరడా. కాళ్ళు కట్టేసిన దూడలను బండిమీద కుక్కి కసాయి వద్దకు తోలుకుపోయేవారు. ఇది దుర్మార్గుల పని అని ఎవరూ అనుకొనలేదు. ఆదివారం చర్చికి వచ్చి ముందు బల్లల్లో కూర్చునే వారే సోమవారం ఆ బండ్లు తోలేవారు. క్నాప్ ఎవరితో మాట్లాడవలసి వచ్చిందో దీనినిబట్టి తెలుస్తుంది. తన స్వంత సంఘస్థులతోనే.

మా చిన్నతనం జ్ఞాపకం వస్తున్నది. కళ్ళంలో వరిపనలు పరచి ఎద్దులతో బంతి తొక్కించే రోజులవి. తిరుగుతూ తిరుగుతూ ఎద్దు ఒక్క పరక అందుకొనబోతే వీపుమీద దెబ్బ పడేది. కొందరు ముందే మూతికి చిక్కం బిగించేవారు. ద్వితీయోపదేశకాండము 25:4 అప్పటికే మాకు బాగా తెలుసు. ఎలా తెలుసంటే, కోతకాలపు పండుగ ఆరాధనలో పాదిరిగారి జీతం చందా అడిగేటప్పుడు పెద్దలు ఆ వచనమే చదివేవారు. పౌలు కూడా ఆ వచనాన్ని సువార్తికుల విషయమై ఉపయోగించాడు గనుక అందులో తప్పులేదు. కాని మా ఊరిలో ఆ వచనం విని ఇంటికి వెళ్ళి ఎద్దు మూతికున్న చిక్కం విప్పిన వారిని మేము చూడలేదు. మేమూ విప్పలేదు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసిన పిల్లలలో మేమూ ఉన్నాము.

మనుష్యులే ఆకలితో ఉండగా పశువుల గోల ఏమిటని అడిగేవారు ఏ కాలంలోనైనా ఉంటారు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. వుర్టెంబర్గ్ ప్రజలు కూడా కరువు చూసినవారే. 1816లో వేసవి రాక పంటలు పోయి, మరుసటి సంవత్సరం భయంకరమైన కరువు వచ్చింది. డాన్ ఆ కాలంలో పల్లె పాదిరి. క్నాప్ అప్పుడు 18 ఏళ్ళ యువకుడు. ఆకలి ఎరుగనివారు విలాసానికి ఎత్తుకున్న ఉద్యమం కాదిది. కిర్చైమ్‌లో ఉన్నప్పుడు క్నాప్, బీదలకు ఎన్నో ఉపకారాలు చేసిన హెన్రియెట్ అనే రాచకుటుంబపు విధవరాలి పరిచర్యను దగ్గరగా చూశాడు. బీదలపట్ల జాలి చూపే హృదయమే పశువుపట్ల కూడా కరుగుతుంది. యోనా గ్రంథం చివరి వచనం చూడండి. నీనెవె విషయమై దేవుడు జాలిపడినప్పుడు జనులను లెక్కించి, వెంటనే పశువులను కూడా జ్ఞాపకం చేసికొన్నాడు. మాంసాహారం మానమని క్నాప్ సొసైటీ ఎవరినీ ఆజ్ఞాపించలేదు. అనవసరమైన నొప్పి పెట్టవద్దని అడిగింది. సామెతలు 12:10 నీతిమంతుని విషయమై కోరేది అదే కదా.

1839లో వుర్టెంబర్గ్ ప్రభుత్వం చేసిన క్రొత్త శిక్షా నిబంధనలలో జంతువులను మోటుగా హింసించడం నేరంగా చేర్చబడింది. చిన్న జరిమానా, లేదా కొద్దిరోజుల చెర. అందులో ఒక లోపం లేకపోలేదు. చూచేవారికి మనస్తాపం కలిగేలా హింసించడమే ఆ చట్టం దృష్టిలో నేరం. తలుపులు మూసిన పశువుల కొట్టంలో జరిగేదాని సంగతి అది పట్టించుకొనలేదు. డాన్ మాత్రం చూచేవారిని గూర్చి కాదు, నొప్పి పడేవాటిని గూర్చి వ్రాశాడు. ఆ తేడా సరిచేయడానికి ఆ దేశానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అయినా స్టట్‌గార్ట్‌లో వెలిగిన దీపం నుండి ఇతర పట్టణాలు వెలిగించుకున్నాయి. 1839లో డ్రెస్డెన్, న్యూరెంబర్గ్, తరువాత బెర్లిన్, హాంబర్గ్, మ్యూనిక్ నగరాలలో అటువంటి సొసైటీలు లేచాయి. మన దేశంలో మొదటిది 1861లో కలకత్తాలో ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. మోయలేనంత బరువు వేయడం, నొప్పి కలిగేలా కట్టి బండ్లలో తరలించడం దాని ప్రకారం నేరము. మన ఊళ్ళలో సంత రోజు ఆటోలలో కోళ్ళను తలక్రిందులుగా వ్రేలాడదీసుకుని పోయేవారికి ఈ సంగతి ఎంతవరకు తెలుసో!

సొసైటీ పెట్టిన 1837వ సంవత్సరమే క్నాప్ జీవితంలోని మరో పెద్ద పని కూడా వెలుగుచూసింది. ఇంటిలోను ఆలయములోను పాడుకొనడానికి మూడువేలకు పైగా కీర్తనలు గల సంకలనాన్ని ఆయన అచ్చువేయించాడు. పాత కవుల మాటలను తన ఇష్టప్రకారం మార్చాడని విమర్శించినవారు చాలామంది. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. 1850లో రెండవ కూర్పు వేసినప్పుడు ఆయనే కొన్నింటిని తిరిగి పాతరూపానికి తెచ్చాడు. తప్పు దిద్దుకొనడానికి పెద్దవారు సిగ్గుపడతారు. ఈ కవి సిగ్గుపడలేదు.

ఇంట్లో దుఃఖం ఆయనను విడువలేదు. ఇద్దరు భార్యలను సమాధి చేయవలసి వచ్చింది. 1845 నుండి స్టట్‌గార్ట్‌లోని సెయింట్ లియోనార్డ్ దేవాలయ పాదిరిగా పనిచేసి, 1864 జూన్ 18న, 65 సంవత్సరాల వయసులో కన్నుమూశాడు. ఆయన కీర్తనలు కొన్ని జర్మన్ సంఘాల పాటల పుస్తకాలలో నిలిచాయి. జంతువుల కొరకు చేసిన పని మాత్రం చాలాకాలం మరుగున పడిపోయింది. 2002లో లైప్‌జిగ్ నగరంలో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. అందులో డాన్ వ్రాసిన మనవులు, క్నాప్ వ్రాసిన మాటలు ఒకే అట్టల నడుమ ఉన్నాయి. మెస్సింగెన్‌లో ఆ కొంగ కూలి అప్పటికి నూట ఎనభై ఏళ్ళు.