పంట బాగానే వచ్చింది, షీటే సగం చేసింది



పోయిన పంటకు మా సంఘంలో ఒక పెద్దాయన పేరుకు ఎదురుగా షీటులో "వంద గుడ్లకు 35.5 కిలోలు" అని పడింది. సగటు అంత తక్కువ వస్తే తర్వాతి చాకీ అప్పుకు ఇవ్వం, అది మా కట్టుబాటు. ఆయన మార్కెట్ చీటీలు రెండూ తెచ్చి నా ముందర పెట్టినాడు. "ఏం నాయనా, నా గూళ్లు ఎవరు మింగినారు?" అన్నాడు. ఒక చీటీలో 40 కిలోలు, ఇంకోదాంట్లో 31. మొత్తం 71. తీసుకున్నది 100 గుడ్లే.

లెక్కలు రాసేది నేనే. తల కొట్టేసినట్టయింది.

మా చాకీ లెక్క డేటాబేసులో ఒక పట్టికలో, అమ్మకాలు ఇంకో పట్టికలో ఉంటాయి. ఎక్సెల్ షీటు ఆ రెండిటినీ చాకీ నంబరుతో కలిపి తెచ్చుకుంటుంది. ఈయన గూళ్లు రెండు రోజులు మార్కెట్టుకు పోయినాయి కాబట్టి అమ్మకం వరుసలు రెండు. కలిపినప్పుడు రెండు వరుసల పక్కనా "100 గుడ్లు" అని పడింది. కూడితే 200! 71 కిలోలను 200 గుడ్లకు పంచితే వందకు 35.5 కాక ఏమొస్తుంది? డేటాబేసులో ఒక్క అంకె తప్పు లేదు. ఒకే రోజు అమ్మినవాళ్లందరికీ లెక్క సరిగ్గానే ఉన్నింది, అందుకే నాకు అనుమానం రాలేదు.

ఇప్పుడు ముందు అమ్మకాలను చాకీ నంబరు వారీగా కూడి, ఒక్కో నంబరుకు ఒక్క వరుస చేసి, ఆ తర్వాతే కలుపుతున్నాం. డూప్లికేట్లు తీసేసే బటన్ నొక్కితే సరిపోదా అని మా పిల్లోడు అడిగినాడు. చాకీ నంబరు చూసి అట్లా తీసేస్తే రెండో అమ్మకం 31 కిలోలు కూడా పోతాయి. అవి డూప్లికేట్లు కావు, నిజంగా అమ్మిన గూళ్లు.

ఇది వెతుకుతుంటే ఇంకోటి బయటపడింది. రిఫ్రెష్ కొట్టకపోవడంతో 147వ నంబరు చాకీ అమ్మకం షీటులోకి రానేలేదు. అయినా దాని ఎదురుగా కిలోలు కనిపిస్తున్నాయి! వీలుకప్ సూత్రంలో చివర ఫాల్స్ అని రాయకపోతే, వెతికిన నంబరు దొరకనప్పుడు దానికి కింది నంబరును పట్టుకుంటుంది. 146 వాళ్ల కిలోలు తెచ్చి 147కి పెట్టింది. ఫాల్స్ రాసి ఉంటే దొరకలేదని ఎన్‌ఏ గుర్తు వచ్చేది. పక్కవాళ్ల పంట మన పేరున పడేదానికంటే ఆ గుర్తే నయం.

తేదీలు కూడా ఒకసారి చూడండి. జూన్ 5 కాస్తా మే 6 అయిపోతుంది. రోజు 12 దాటిన తేదీలు మాత్రం అక్షరాల మాదిరి గడిలో ఎడమ పక్కకు అంటుకొని ఉంటాయి. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఉంటే రోజూ నెలా తారుమారైనట్టే.

మీ సంఘంలో పరీక్ష చేయాలంటే రెండు విడతలుగా అమ్మిన ఒకరి చీటీలు పట్టుకొని షీటుతో సరిచూడండి. ఒకే విడత అమ్మినవాళ్ల చీటీతో ఈ తప్పు దొరకదు.

పెద్దాయనకు చాకీ ఇచ్చినాం. ఇప్పుడు ప్రతి పంటకూ గుడ్లెన్ని, కిలోలెన్ని, ఎన్ని చీటీలు అని పక్కపక్కనే రాసి ఇయ్యమంటున్నాడు. ఉత్త సగటు చూపిస్తే ఒప్పుకోడంట.